అహింసామాంసము: దాని పూర్వోత్తరములు

సికిందరాబాదున ఉజ్జయినీ మహాంకాళి బోనాలను చూచినవారికి గుమ్మడికాయ సంగతి తెలిసియే యుండును. ఘటము ఊరేగును, పోతరాజు వీరంగమాడును, రంగమునాడు భవిష్యవాణి వినిపించిన పిమ్మట గుమ్మడికాయను బలియిత్తురు. 1813లో కలరా ప్రబలినప్పుడు, ఉజ్జయినిలో సైన్యమున డోలీ మోయు ఉద్యోగములో నున్న సురిటి అప్పయ్య మ్రొక్కుకొని, తిరిగివచ్చిన పిదప 1815లో ఇచ్చట అమ్మవారిని నిలిపెనని ఆ గుడి చరిత్రగా చెప్పుకొందురు. నాటి బలులలో మేకపోతు నిలిచిన తావున నేడు గుమ్మడికాయ నిలిచినది.

ఈ మార్పు తనంతట తాను వచ్చినది కాదు. హైదరాబాదులో జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలి జంతుబలికి వ్యతిరేకముగా ఊరూర ప్రచారము సాగించినప్పుడు, ఆది హిందూ ఉద్యమమునకు నాయకులైన భాగ్యరెడ్డివర్మ (1888–1939) గారు అందు చేరి పనిచేసిరి. అంటరానివారని త్రోసివేయబడిన జనులను మేల్కొలుపుటయు, మూగజీవుల నెత్తురు చిందకుండ చూచుటయు వారి దృష్టిలో ఒకే కారుణ్యమునకు రెండు శాఖలు. అటుపిమ్మట 1950 నాటి పశుపక్షి బలి నిషేధ చట్టము పుట్టినది.

అయినను గుడిలో మారినది యింటిలో మారలేదు. బోనాల ఆదివారమున ఇంటింట వేటకూర ఉడుకుచునే యున్నది. 2014లో జరిగిన ప్రభుత్వ నమూనా సర్వేను బట్టి చూడగా, తెలంగాణములో పదునైదేండ్లు దాటినవారిలో నూటికి తొంబదియెనిమిది మందికి పైగా మాంసాహారులే. ఇది నింద కాదు, లెక్క. మాంసము మానుడని బోధించుటతోనే సంస్కారము ముగియునని తలచువారు ఈ లెక్కను ఒకసారి కన్నులార చూడవలెను. తినువారు ఇందరుండగా, సంస్కర్త అడుగవలసిన ప్రశ్నలు రెండు. తినుచున్న మాంసము శుద్ధమైనదా? ప్రాణము తీయక మాంసము పొందు ఉపాయ మేదైన గలదా?

ఈ రెండు ప్రశ్నలకును సమాధానము వెదకు శాలలు సికిందరాబాదునకు తూర్పుగా పోవు ఒక్క బాట మీదనే యున్నవి. తార్నాక చేరగా జాతీయ పోషకాహార సంస్థ. మరికొంత సాగగా హబ్సిగూడలో కణ అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రము, అనగా జనులు సి.సి.ఎం.బి. అని పిలుచునది, ఉప్పల్, బోడుప్పల్ దాటినచో చెంగిచెర్లలో 1999లో జాతీయ మాంస పరిశోధన కేంద్రమను పేరుతో నెలకొన్న సంస్థ. బస్సుమీద పోవువాడు గంటలో చూడగల దూరమున ఒక శతాబ్దపు శాస్త్రచరిత్ర పరచుకొని యున్నది.

మొదటి ప్రశ్నకు వత్తము. మాంసములోని దోషము కంటికి కానరాదు. ఎఱ్ఱగ నిగనిగలాడు ముక్కలో బద్దెపురుగు తిత్తి దాగియుండవచ్చును. కోసిన కత్తినుండి, కడిగిన నీటినుండి, వ్రేలాడగట్టిన కొక్కెమునుండి పేగులలోని సూక్ష్మజీవులు దానికి అంటవచ్చును. కంటికి కానరాని దానిని కనుగొను విద్యకు సికిందరాబాదు కొత్తది కాదు. 1897 ఆగష్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఇచ్చటనే దోమ పొట్టను కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమి జాడను పట్టుకొనెను. చెడుగాలి వలన వచ్చునని లోకము తరతరములుగా నమ్మిన జ్వరమునకు అసలు వాహనము దోమయని తేలినది. మాంసపరీక్షలోని నీతియు నిదియే: వాసన, రంగు, నమ్మకము చాలవు, చూచి తెలిసికొనవలెను.

లోకమున మాంసపరీక్షకు చట్టములు వచ్చినది గూడ అట్టి కనువిప్పు వలననే. అమెరికాలోని షికాగో కబేళాల అపరిశుభ్రతను అప్టన్ సింక్లెయిర్ తన నవలలో వర్ణింపగా జనులు కలతపడిరి. 1906లోనే ఆ దేశమున మాంసపరీక్ష చట్టము పుట్టినది. మన దేశమున 1954లో ఆహారకల్తీ నిరోధక చట్టము, 1973లో మాంసోత్పత్తుల ఉత్తరువు, 2006లో ఆహారభద్రత, ప్రమాణముల చట్టము వరుసగా వచ్చినవి. 2001లో చేసిన కబేళా నియమములలో ఒక చిన్న నిబంధన గలదు: పశువైద్యుడు గంటకు పండ్రెండు పశువులకు మించి, దినమునకు తొంబదియారింటికి మించి పరీక్షింపరాదు. చూచుటకు చిన్నదే గాని దీని భావము పెద్దది. తొందరపడి వేసిన ముద్ర పరీక్ష కాదు. జ్వరముతో నున్న గొఱ్ఱెను, ఈనబోవు మేకను ఆ వైద్యుడు వేరుచేసి పంపగలిగిననాడు తినువానికిని, ఆ జీవికిని రక్షణ యొకేసారి కలుగును. శుద్ధియు దయయు ఇచ్చట చేయి కలుపుచున్నవి.

ఈ కథలో మన తెలుగువా రొకరి ఛాయ కూడ గలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలను నడిపినప్పుడే, అచ్చటి డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అను దివ్యౌషధమును కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు కన్నుమూసిరి. తరువాత రెండేండ్లలో అదే సంస్థవారు ఆ మందు తయారుకాగా మిగిలిన మడ్డిని కోడిపిల్లలకు మేపి, అవి త్వరత్వరగ పెరుగుట గమనించిరి. అదిమొదలు లోకమంతట రోగము లేని కోళ్ళకును, పశువులకును యాంటీబయాటిక్ మందులను మేతలో కలుపు అలవాటు ప్రబలెను. ఫలమేమి? మందుకు లొంగని క్రిములు పుట్టుకొచ్చినవి. రోగిని కాపాడుటకు పుట్టిన మందు కోడిని బలియజేయుటకు వినియోగమై, తుదకు రోగి దగ్గర బలహీనమైపోయెను. ఐరోపా దేశములు పెంపు కొరకు ఇట్టి మందులు వాడుటను 2006లో మాన్పించినవి. మన ప్రభుత్వము 2019లో కొలిస్టిన్ అను మందును ఆహార పశువులకు వాడకుండ నిషేధించినది. మాంసమున మిగిలిన మందుజాడలను కొలుచు పని నేటి మాంసశాస్త్రమున ముఖ్యమైన భాగము.

ఇక మాంసము ఏ జీవిదన్న ప్రశ్న గలదు. ముక్కలుగా కోసి, మసాలా దట్టించి, ఉడికించిన పిదప ఏది పొట్టేలో, ఏది మరియొకటో నాలుకకు తెలియదు. సి.సి.ఎం.బి. 1977లో ప్రారంభమై, 1987లో హబ్సిగూడలోని సొంత మందిరముతో జాతికి అంకితమైనది. అచ్చట లాల్జీసింగ్‌గారు 1980 దశకపు చివర డి.ఎన్.ఏ. వ్రేలిముద్రల విద్యను మన దేశమున సాధించిరి. 2003లో ఆయనయు, సునీల్‌కుమార్ వర్మగారును అసంఖ్యాకములైన జంతుజాతులను ఒకే తీరున గుర్తించు పద్ధతిని ప్రకటించిరి. పెక్కు కణములలో మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములు వందలకొలది యుండును; వానిలోని డి.ఎన్.ఏ. కొంత వండిన తరువాతను నిలిచియుండును. దానిని చదివినచో జాతి తెలియును. అడవిమృగములను దొంగచాటుగా వేటాడినవారిని పట్టుటకు ఈ విద్య ఎంతో యుపకరించినది. చెంగిచెర్లలోను మాంసము ఏ జాతిదో తేల్చు పరీక్షలు చేయుదురు.

ఇచ్చట పాఠకులు ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. మన దేశమున మాంసపు మూట మీద అనుమానము పుట్టినచో అది మాటతో ఆగదు. మనుష్యుని ప్రాణము మీదికి వచ్చిన సందర్భములును గలవు. అట్టియెడ పరీక్షాశాల చెప్పు నిదానమైన మాట గుంపు కేకకంటె విలువైనది. అయితే శాస్త్రము తన మాట చెప్పులోపల చేయి ఎత్తినవాని పాపమును ఏ శాస్త్రమును కడుగజాలదు. పరీక్ష నిందితునికి రక్షయై యుండవలెను. వేటగానికి ఉచ్చు కారాదు.

రెండవ ప్రశ్నకు వత్తము. ప్రాణము తీయక మాంసము పొందవచ్చునా? శరీరమునుండి వేరుచేసిన కణమును గాజుపాత్రలో బ్రతికింపవచ్చునని 1907లో రాస్ హారిసన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కప్ప నరముతో నిరూపించెను. 1912లో న్యూయార్కులో అలెక్సిస్ కారెల్ కోడిపిండపు గుండె ముక్క నుండి కణములను పెంచనారంభించెను. 1944లో ఆయన చనిపోయినను 1946 వరకు ఆ కణములు పెరుగుచునే యున్నవని చెప్పిరి. కణమునకు చావే లేదని లోకము నమ్మెను. కాని 1961లో లెనార్డ్ హేఫ్లిక్ సహజకణములు కొన్నిమారులు మాత్రమే చీలి తరువాత ఆగిపోవునని చూపెను. కారెల్ పాత్రలో పోసిన పిండరసముతోబాటు క్రొత్తకణములు చేరుచుండెనేమో యని తరువాతివారు అనుమానించిరి. అద్భుతమను మాట ముందు పరుగెత్తినది. పరీక్ష దాని వెంట నెమ్మదిగ నడచి దాని నందుకొన్నది. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందము, మరల పనికివచ్చును.

రెక్కయో రొమ్మో తినుటకై కోడినంతను పెంచుట అవివేకమనియు, అర్ధశతాబ్దములో ఆ భాగములనే వేరుగ పెంచుకొందురనియు 1931లో విన్‌స్టన్ చర్చిల్ ఒక వ్యాసమున ఊహించెను. ఊహ నిజమగుటకు ఎనుబదిరెండేండ్లు పట్టినది. 2013 ఆగష్టు 5వ తేదీన లండనులో, నెదర్లాండ్సునకు చెందిన మార్క్ పోస్ట్ ఆవుకణములతో పెంచిన మాంసపు బిళ్ళను పదిమంది యెదుట వేయించి వడ్డింపజేసెను. దానికైన వ్యయము రెండున్నర లక్షల యూరోలు.

అంతకు చాల ముందే విజయవాడలో ఒక బాలుని మనస్సున ఈ ప్రశ్న మొలకెత్తినది. ఉమా వాలేటి పండ్రెండేండ్ల వయస్సున ఒక పుట్టినరోజు విందుకు పోయెనట. ఇంటిముందు ఆటపాటలు, విందు. పెరటిలోనికి పోయి చూడగా ఆ విందుకై జీవులను కోయుచుండిరి. ముంగిట జన్మదినము, పెరట మరణదినము! పుదుచ్చేరిలో వైద్యము చదివి, అమెరికాలో గుండెవైద్యుడై, చెడిన గుండెను మూలకణములతో బాగుచేయు ప్రయత్నములను చూచినప్పుడు ఆయనకు ఆ పాతప్రశ్న మరల తోచెను: కణములతో గుండెకండ పెరుగునెడల, తినుకండ ఏల పెరుగదు? 2015లో ఆయన ఒక సంస్థను స్థాపించెను. మొదట మెంఫిస్ మీట్స్ అనియు, 2021నుండి అప్‌సైడ్ ఫుడ్స్ అనియు దానికి పేరు. 2023 జూన్‌లో ఆ సంస్థ పెంచిన కోడిమాంసమునకు అమెరికా ప్రభుత్వము విక్రయానుమతి నిచ్చెను. అంతకుముందు 2020లోనే సింగపూరు వేరొక సంస్థ మాంసమునకు అనుమతి నిచ్చియున్నది. అనుమతులతోబాటే నిషేధములును వచ్చినవి: 2023లో ఇటలీ, 2024లో అమెరికాలోని ఫ్లోరిడా, అలబామా రాష్ట్రములు దీనిని అమ్మరాదనినవి.

విజయవాడ ప్రశ్న హబ్సిగూడకును చేరినది. 2018లో ఒక జీవకారుణ్య సంస్థతో కలిసి సి.సి.ఎం.బి. ఈ పరిశోధనకు పూనుకొనెను. 2019లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగము సి.సి.ఎం.బి.కిని, చెంగిచెర్ల సంస్థకును సుమారు నాలుగున్నర కోట్ల రూపాయలు మంజూరు చేసినది. కండలోని మూలకణములను చిరకాలముగా శోధించుచున్న జ్యోత్స్నా ధవన్ వంటి శాస్త్రజ్ఞులు ఇందు పాలుపంచుకొనిరి. దీనికి ఇచ్చట పెట్టిన ముద్దుపేరు "అహింసామాంసము". 2024 నాటికి మన దేశమున దీని విక్రయమునకు అనుమతి లేదు.

ఆ పేరు ఎంతవరకు తగును? పని జరుగు తీరును చూతము. బ్రతికియున్న పశువు కండనుండి సూదితో చిన్నముక్క తీయుదురు. కండ దెబ్బతిన్నప్పుడు మేల్కొని దానిని బాగుచేయు మూలకణములు అందుండును. వానిని వెచ్చని పాత్రలో నుంచి చక్కెర, లవణములు, అమైనో ఆమ్లములు, పెరుగుమని సందేశమిచ్చు మాంసకృత్తులు అందింతురు. ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగిన పిదప వానిని కలిపి పోగులుగ మార్తురు. ఇచ్చట రెండు చిక్కులు గలవు.

మొదటిది ఆహారము. బహుకాలము కణములకు పోసినది దూడ సీరం. గర్భముతో నున్న ఆవు కబేళాకు వచ్చినప్పుడు, కడుపులోని పిండమునుండి తీసిన నెత్తురు గడ్డకట్టగా వేరుపడిన తేట యది. 2013 నాటి లండను బిళ్ళయు దీనితోనే పెరిగినది. కత్తి లేని మాంసమునకు కత్తినుండి వచ్చిన పాలు! ఈ లోపము శాస్త్రజ్ఞులకు తెలియనిది కాదు. 2022లో నెదర్లాండ్సువారు సీరం లేకయే ఆవుకణములను కండపోగులుగ మార్చు పద్ధతిని ప్రకటించిరి. 2023లో సింగపూరు సీరం లేని ద్రవముతో పెంచిన మాంసమునకు అనుమతి నిచ్చినది. మార్గము గలదు, కాని దాని ధర యింకను ఎక్కువ.

రెండవది ఆధారము. తీగకు పందిరి వలె కణమునకును ప్రాకుటకు ఒక ఆధారము కావలెను. రక్తనాళములు లేని కండలో ఆహారము, ప్రాణవాయువు వెండ్రుకమందము దాటి లోనికి పోలేవు. అందువలన దళసరి ముక్క పెంచుట కష్టము. ఈ పందిరికై వాడు పదార్థములలో ముఖ్యమైనవి కొల్లాజెన్, జెలటిన్. అవి పశువుల చర్మము, ఎముకల నుండి వచ్చునవి. వైద్యలోకమున ఇవి పాతచుట్టములే. శస్త్రవైద్యులు గొఱ్ఱెపేగు దారముతో గాయములు కుట్టిరి. పందిగుండె కవాటములను మనుష్యులకు అమర్చిరి. నేటికిని మన యిండ్లలో మ్రింగు మందుగొట్టముల తొడుగు పెక్కింట జెలటిన్‌తో చేసినదే. శాకాహారులమని గర్వించు గృహములోను కబేళా ఇట్లు మందులపెట్టెలో దాగియున్నది. సోయాచిక్కుడు మాంసకృత్తులతోను, ఆకులనుండి కణములను కడిగివేయగా మిగిలిన ఈనెలతోను పందిరి వేయు ప్రయత్నములు సాగుచున్నవి. అవి ఫలించినచో మేలు వంటింటికే గాక వైద్యశాలకును కలుగును.

కాబట్టి నా మనవి యిది. అహింస యనునది సీసామీద అతికించు చీటీ కాదు. పాత్రలో పోసిన ప్రతి బిందువుకు లెక్క చెప్పగలిగినప్పుడే ఆ పేరు చెల్లును. గుమ్మడికాయ మేకకు బదులు నిలిచినప్పుడు అందరును చూచుచుండగా నిలిచినది. దానిలో దాచినది లేదు. గాజుపాత్రయు అట్లే తెరచి చూపవలెను. కారెల్ గుండెకణముల కథ మనకు నేర్పిన పాఠమును మరువరాదు.

మరియొక మాట. ఈ పనిని నమ్ముకొని బ్రతుకువారు గలరు. 2017లో తెలంగాణ ప్రభుత్వము నూటికి డెబ్బదియైదు వంతుల రాయితీతో గొల్లకురుమలకు ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున పంచుట మొదలిడెను. కటికవారును, ఖురేషీలును తరతరములుగా కత్తిపట్టి మన పళ్లెము నింపి, మనచేత చిన్నచూపు చూడబడిరి. తినుచు కోసినవానిని ఈసడించుట యే ధర్మము? రేపు పాత్రలో మాంసము పెరిగి చౌకగ దొరకినచో వారి బ్రతుకు ఏమగునను ప్రశ్నను శాస్త్రజ్ఞుడు కాక సమాజమే తీర్చవలెను. చాపకూటి కథను చెప్పుకొను జాతి ఆ మాత్రము ఆలోచింపలేదా?

పాత్రలోని మాంసము వచ్చువరకు మనము ఊరక కూర్చుండనక్కరలేదు. ఆదివారమున దుకాణము ముందు నిలిచిన గృహస్థు పశువైద్యుని ముద్ర ఉన్నదా యని అడుగవచ్చును. ఈగలు ముసురు మాంసమును నిరాకరింపవచ్చును. ఇంటికి తెచ్చినదానిని పచ్చికూరల కత్తితో కోయకుండ, లోపలివరకు ఉడికించి వడ్డింపవచ్చును. వలసినంతకంటె ఎక్కువ కొనకుండుటయు ఒక దయయే. అడుగు గృహిణి యొకతె యున్నచో దుకాణదారుడు శుభ్రపడును. వందమంది యున్నచో పురపాలక సంఘము మేలుకొనును. హబ్సిగూడలోని గాజుపాత్రకును, మన వంటింటి కుండకును కావలసినది ఒకే గుణము: లోపల ఏమున్నదో అడిగిన వారికి దాచక చెప్పగల ధైర్యము.